పాత డోమ్‌ను బాగుచేయాలా, కొత్తది కట్టాలా: బేస్‌బాల్ స్టేడియాల పోలిక

ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ట్రాపికానా ఫీల్డ్‌ను 1990లో తెరిచారు. 2024 అక్టోబరు 9 రాత్రి మిల్టన్ హరికేన్ దాని కప్పు గుడ్డను పీలికలు చేసింది. గంటకు 115 మైళ్ల గాలికైనా తట్టుకుంటుందని చెప్పిన కప్పు అది. ఆ రాత్రి ఊళ్లో నమోదైన పెద్ద గాలి వేగం 100 మైళ్ల చుట్టుపక్కలే. టాంపా బే రేస్ జట్టు 2025 సీజన్‌లో సొంత మ్యాచ్‌లన్నీ టాంపాలో, యాంకీస్ జట్టు స్ప్రింగ్ ట్రెయినింగ్ (సీజన్ ముందు సాధన) మైదానంలో ఆడింది. అక్కడ ఉన్నవి దాదాపు 11 వేల సీట్లే. కప్పు మళ్లీ వెయ్యాలా, ఉన్నదాన్ని పడగొట్టి కొత్తది కట్టాలా అన్న వాదన అప్పటికే చాలా ఏళ్లుగా నలుగుతోంది. గాలివాన దాన్ని తక్షణం తేల్చాల్సిన లెక్కగా మార్చింది.

ఇది ఒక్క ఊరి గొడవ కాదు. ఫీనిక్స్, మిల్వాకీ, టొరంటో తమ పాత కట్టడాల మీద పదుల కోట్ల డాలర్లలో లెక్కలు వేసినవే. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతంలోనూ ఇదే జరిగింది. ఆర్లింగ్టన్ ఓటర్లు 2016 నవంబరులో అర సెంటు అమ్మకపు పన్నుతో పాటు హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద పన్నులకు ఒప్పుకున్నాకే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ లేచింది. అంతకుముందున్న స్టేడియానికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఎండకు జనం రావడం లేదన్నదే దాని మీద ప్రధాన ఫిర్యాదు. ఓటు వేసేవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు ఈ పోలిక పనికొస్తుంది.

చర్చ ఎప్పుడూ కప్పు దగ్గరే మొదలవుతుంది. అది చివర తేల్చాల్సిన సంగతి. ఈ కట్టడం ఇంకా ఎన్నేళ్లు నిలవాలి? సీట్లు ఎటు చూస్తున్నాయి? కింద పచ్చికా, కృత్రిమ టర్ఫా? ఈ మూడింటికీ జవాబు దొరికితే కప్పు సంగతి సగం తేలిపోయినట్టే.

కప్పు రకాలు, ఒక్కోదాని తంటా

గాలి ఒత్తిడితో నిలిచే కప్పు చవక. లోపలి గాలి ఒత్తిడిని బయటికంటే కాస్త ఎక్కువగా ఉంచితే గుడ్డ పైకి లేచి నిలబడుతుంది. 1988లో తెరిచిన టోక్యో డోమ్‌లో ఆ తేడా 0.3 శాతమే. తలుపులు తిరుగుడు రకంవి ఉండాలి, ఫ్యాన్లు ఆడుతూనే ఉండాలి, మంచు పడితే వేడిగాలి పంపి కరిగించాలి. మినియాపోలిస్‌లోని మెట్రోడోమ్ 2010 డిసెంబరు 12న మంచు బరువుకు చిరిగి మైదానం మీదికి కూలింది. అదృష్టం కొద్దీ అప్పుడు లోపల ఆట లేదు. బేస్‌బాల్ జట్టు ట్విన్స్ ఆ ఏడాదే కప్పు లేని టార్గెట్ ఫీల్డ్‌కు మారిపోయింది. కొత్తగా కట్టేవాళ్లు ఈ రకం జోలికి పోనక్కర్లేదు.

స్థిర కప్పుకు మొదటి ఉదాహరణ హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్, 1965. పారదర్శక పలకలతో కట్టారు. కింద పచ్చిక పెరగాలని ఆశ. పగటి ఆటలో ఆ మెరుపుకు ఫీల్డర్లకు బంతి కనపడలేదు, పలకలకు రంగు పూశారు, దాంతో వెలుతురు చాలక గడ్డి చచ్చిపోయింది. మరుసటి ఏడాది కృత్రిమ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అక్కణ్నుంచే వచ్చింది. వెలుతురు, బంతి, గడ్డి ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకటి సర్దితే ఇంకొకటి చెడుతుంది. అరవై ఏళ్లయినా ఆ ముడి పూర్తిగా వీడలేదు.

సియాటిల్ కింగ్‌డోమ్‌ది కాంక్రీటు కప్పు. 1994 జులై 19న ఆట మొదలవడానికి ముందు లోపలి సీలింగు పలకలు సీట్లలో పడ్డాయి. మరమ్మతుకు కోట్లు పోశారు. 2000 మార్చి 26న ఆ కట్టడాన్నే పేల్చి కూల్చారు. కూల్చేసిన కట్టడం తాలూకు అప్పును కౌంటీ 2015 దాకా కడుతూ వచ్చింది. మరమ్మతు ప్రతిపాదన చదివేటప్పుడు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి. అప్పు గడువు కట్టడం ఆయువును దాటకూడదు.

ట్రాపికానాది స్థిర కప్పే గాని కాంక్రీటు కాదు. ఉక్కు కేబుళ్లు లాగిపట్టి ఉంచిన చట్రం మీద టెఫ్లాన్ పూసిన గాజునార గుడ్డ. ఈ కేబుల్ డోమ్ పద్ధతి రూపకర్త డేవిడ్ గైగర్. స్టేడియాల మీది గాలి కప్పులకు ఆద్యుడూ ఆయనే. కప్పును 6.5 డిగ్రీలు వాల్చి కట్టారు. లోపలి ఘనపరిమాణం తగ్గితే ఏసీ ఖర్చు తగ్గుతుందని, గాలికి ఎదురొడ్డడం తేలికవుతుందని. ఆ పొదుపు ఆటకు వచ్చి తగిలింది. రెండో బేస్ (పరుగు దారిలో రెండో మజిలీ) మీద 225 అడుగులున్న కప్పు సెంటర్ ఫీల్డ్ గోడ దగ్గరికి వచ్చేసరికి 85 అడుగులకు దిగుతుంది. దాని కింద ఏ, బీ, సీ, డీ అని నాలుగు నడక వంతెన రింగులు వేలాడుతుంటాయి. బంతి వాటికి తగులుతుంది. సీ, డీ రింగులకు ఫెయిర్ ప్రాంతంలో, అంటే ఆట హద్దుల లోపల, తగిలితే హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటిది) అని ప్రత్యేక నిబంధన రాసుకోవాల్సి వచ్చింది. 2010 ఆగస్టు 5న ట్విన్స్ ఆటగాడు జేసన్ క్యూబెల్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కొట్టిన మామూలు పాప్ ఫ్లై (గాల్లోకి నిలువుగా లేచిన బంతి) ఏ-రింగుకు తగిలి కింద పడింది. క్యాచ్ కావలసింది పరుగైంది, రేస్ ఓడింది. ఆ తర్వాత ఏ-రింగు నిబంధన మార్చారు. రింగులు మాత్రం అక్కడే ఉన్నాయి.

తెరుచుకునే కప్పుల్లో పెద్దన్న టొరంటోది. స్కైడోమ్‌గా 1989 జూన్‌లో తెరిచి ఇప్పుడు రోజర్స్ సెంటర్ అంటున్నది. నాలుగు పలకల్లో ఒకటి కదలదు, మూడు కదులుతాయి, దాదాపు 20 నిమిషాల్లో తెరుచుకుంటుంది. మిల్వాకీలో విసనకర్రలా విప్పుకునే కప్పు ఉంది, 10 నిమిషాలు చాలు. ఆర్లింగ్టన్‌లో అయిదున్నర ఎకరాల ఒక్క పలకే పక్కకు జరుగుతుంది.

గొడుగు కప్పు వేరు. సియాటిల్‌లో 1999లో తెరిచిన మైదానం, ఇప్పటి టీ-మొబైల్ పార్క్, కప్పు మూసినా పక్కలు తెరిచే ఉంటాయి. వాన ఆగుతుంది, చలిగాలి ఆగదు. ఏసీ లేదు, సీలు లేదు, ఆ మేరకు చెడిపోయే భాగాలూ తక్కువే. సియాటిల్ వాతావరణానికి ఇదే సరైనది. అయితే ఎండ, ఉక్క ఉన్నచోట దీని పని ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్‌లోని తొకొరొజావాకు వెళ్లాలి. సెయిబు లయన్స్ జట్టు 1979 నాటి తమ బహిరంగ మైదానం మీద 1990ల చివర్లో రెండు విడతలుగా కప్పు వేయించింది, గోడలు కట్టలేదు. వేసవిలో వేడిగాలి కప్పు కింద నిలిచిపోతుంది, గాలివానలో జల్లు సీట్ల మీదికి కొడుతుంది. టాంపా లాంటి ఊరికి ఇది వద్దని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు.

సీట్లు: పాత డోముల అసలు రోగం ఇక్కడే

క్రికెట్ చూసేవాళ్లకు ఈ విషయం తేలిగ్గా ఎక్కుతుంది. పిచ్ మైదానం నడిమధ్య ఉంటుంది కాబట్టి ప్రతి సీటూ మధ్యకు తిరిగితే చాలు. అమెరికన్ ఫుట్‌బాల్‌కూ అంతే. బేస్‌బాల్‌లో ఆటంతా ఒక మూల నుంచి మొదలవుతుంది. బంతి విసిరే పిచర్‌కు, బ్యాటర్‌కు మధ్య 60 అడుగుల 6 అంగుళాలు, బేస్ నుంచి బేస్‌కు 90 అడుగులు. ఎక్కువసేపు ఆ చిన్న చతురస్రంలోనే పని. 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన గ్రాండ్ ప్రెయిరీ మైదానాన్ని 2023లో క్రికెట్‌కు మార్చినప్పుడు ఈ తేడా తిరగబడి ఎదురైంది. మూలను చూసే గ్యాలరీని నడిమధ్యకు చూసే ఆటకు సర్దాలి.

1970లు, 80ల్లో డోములను రెండు ఆటలకూ కట్టారు. ఫౌల్ లైన్ (బ్యాటర్ నిలబడే మూల, అంటే హోమ్ ప్లేట్ నుంచి రెండు పక్కలకూ సాగే హద్దు గీత) పొడవునా సీట్లను లైనుకు సమాంతరంగా పేర్చారు. ఫలితం చిన్న లెక్కతో చూడొచ్చు. హోమ్ ప్లేట్ నుంచి లైన్ వెంబడి 60 మీటర్ల దూరంలో, లైనుకు 15 మీటర్లు వెనక ఉన్న సీటు అనుకుందాం. సీటు ఎదురుగా ఉన్నది అవుట్‌ఫీల్డ్ గడ్డి. పిచర్ మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) వైపు చూడాలంటే తల 59 డిగ్రీలు తిప్పాలి. మూడు గంటల ఆటంతా అలాగే. పక్కసీటు మనిషి కాస్త ముందుకు వంగితే ఆటే కనపడదు. సీటు బిగింపు మార్చి 15 డిగ్రీలు తిప్పితే మిగిలేది 44. కాస్త నయం, అంతే. తిప్పిన సీటు వరుసలో ఎక్కువ లోతు తింటుంది, నడకదారి ఇరుకవుతుంది, వరుసకు కొన్ని సీట్లు పోతాయి. అసలు మందు కాంక్రీటు గ్యాలరీని పగలగొట్టి కొత్త కోణంలో పోయడమే.

టొరంటో చేసింది సరిగ్గా అదే. ఫుట్‌బాల్ జట్టు 2015 తర్వాత వెళ్లిపోవడంతో దారి సుగమమైంది. దాదాపు 40 కోట్ల కెనడా డాలర్ల పనిని రెండు చలికాలాలకు పంచారు. మొదటి విడత, 2022-23లో, అవుట్‌ఫీల్డ్ వైపు పాత సీట్లు తీసి నిలబడి చూసే డెక్కులు కట్టారు, బుల్‌పెన్‌లను (పిచర్లు వార్మప్ చేసే జాగాలను) పైకెత్తారు, గోడలు మార్చారు. రెండో విడత, 2023-24లో, ఇన్‌ఫీల్డ్ (బేస్‌లున్న లోపలి భాగం) చుట్టూ కింది గ్యాలరీ మొత్తం పడగొట్టి సీట్లన్నీ హోమ్ ప్లేట్ వైపు తిరిగేలా మళ్లీ కట్టారు. ఒక్క సీజన్ కూడా జట్టు బయటికి పోలేదు. సామర్థ్యం తగ్గింది, ఇప్పుడు 39 వేల చిల్లర. చట్రం గట్టిగా ఉన్న పాత డోమ్‌కు మేం చూసినంతలో ఇంతకంటే మంచి నమూనా లేదు. కప్పు జోలికి పోకుండా, కింద ఉన్నదాన్ని మార్చారు.

రెండో కొలత ముందు వరుస తల మీదుగా చూపు. దీన్ని సీ-వాల్యూ అంటారు. ముందు మనిషి కంటి స్థాయికి ఎన్ని మిల్లీమీటర్ల పైనుంచి మీ చూపు వెళ్తోందన్నది. 60 తక్కువలో తక్కువ, 90 ఉంటే బాగున్నట్టు. లెక్క ఇలా కట్టాలి: చూడాల్సిన బిందువు నుంచి ముందు వరుస మనిషి కంటికి ఉన్న అడ్డ దూరాన్ని, కంటి ఎత్తు, మెట్టు ఎత్తుల మొత్తంతో గుణించి, ఆ అడ్డ దూరం, మెట్టు లోతుల మొత్తంతో భాగించి, కంటి ఎత్తు తీసేయాలి. అడ్డ దూరం 30 మీటర్లు, కంటి ఎత్తు 6 మీటర్లు, మెట్టు లోతు 0.8 మీటరు, మెట్టు ఎత్తు 25 సెంటీమీటర్లు అయితే 88 మిల్లీమీటర్లు వస్తుంది. అదే మెట్టును 20 సెంటీమీటర్లకు దించితే 39. అయిదు సెంటీమీటర్ల కాంక్రీటు పొదుపు చేస్తే ఆ వరుస ఎప్పటికీ పనికిరానిదవుతుంది. ప్లాన్లలో రంగురంగుల బొమ్మలు చూపించినప్పుడు ఈ సంఖ్య అడగండి. ప్రతి బ్లాకుకూ, మొదటి వరుసకూ చివరి వరుసకూ విడివిడిగా.

సీట్లను ఆటకు దగ్గరగా జరపాలన్న ఉత్సాహంలో నిబంధనల పుస్తకం మరవకూడదు. హొక్కైడోలో 2023లో తెరిచిన ఎస్కాన్ ఫీల్డ్‌లో హోమ్ ప్లేట్ వెనక జాగా 15 మీటర్లే పెట్టారు. అప్పటి జపాన్ నిబంధన ప్రకారం 60 అడుగులు, అంటే 18.3 మీటర్లు ఉండాలి. కట్టడం దాదాపు పూర్తయ్యాక విషయం బయటపడి పెద్ద రచ్చయింది. అమెరికా నిబంధనల్లో 1958 తర్వాత కట్టేవాటికి ఫౌల్ లైన్ మీద 325 అడుగులు, సెంటర్‌కు 400 అడుగులు ఉండాలి. ట్రాపికానాలో లెఫ్ట్ లైన్ 315 అడుగులే. మినహాయింపులు దొరుకుతాయి, దొరుకుతాయని నమ్మి కట్టడం మాత్రం తప్పు.

నేల: గడ్డి కావాలంటే ధర ఎంత

టెఫ్లాన్ పూసిన గుడ్డ మీద పడిన వెలుతురులో లోపలికి వచ్చేది మామూలుగా 10-15 శాతం. దాని కింద పచ్చిక బతకదు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 2011లో తెరిచిన రగ్బీ స్టేడియంలో స్థిర కప్పు కిందే గడ్డి పెరుగుతోంది. కప్పు పారదర్శకమైన ఈటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్ పొర కావడం, ఊరు చల్లనిది కావడం రెండూ కలిసొచ్చాయి. అదే పొర ఫ్లోరిడాలో వేస్తే ఎండంతా లోపలికి దిగి ఏసీ బిల్లు మోయలేనిదవుతుంది. పైగా పగటి ఆటలో ఫీల్డర్ల కళ్లకు నీడల గళ్లు.

తెరుచుకునే కప్పు ఉంటే గడ్డి వస్తుందన్నది అమ్మకపు మాట. వేడి ఊళ్లలో ఏం జరిగిందో చూడండి. ఫీనిక్స్‌లోని చేజ్ ఫీల్డ్ 1998 నుంచి పచ్చిక పెంచింది. గడ్డికి ఎండ కోసం పగలు కప్పు తెరవాలి, జనం కోసం ఆటకు ముందే మూసి ఎడారి వేడెక్కిన కట్టడాన్నంతా చల్లబరచాలి. 2019లో ఆ పాట్లు మానేసి కృత్రిమ టర్ఫ్ వేశారు. మయామి 2020లో అదే దారి పట్టింది. ఆర్లింగ్టన్ మొదటి రోజు నుంచే టర్ఫ్. హ్యూస్టన్ ఒక్కటే ఇంకా పచ్చిక నిలుపుకుంటోంది. ఇక గడ్డి నిలిచినవి మిల్వాకీ, సియాటిల్, రెండూ ఉత్తరాది ఊళ్లు. మిల్వాకీలోనూ చక్రాల బండ్ల మీద దీపాలు తిప్పి గడ్డికి వెలుతురు పెడతారు. ఎస్కాన్ ఫీల్డ్‌లో దక్షిణం వైపు 70 మీటర్ల ఎత్తు గాజు గోడ కట్టింది కూడా గడ్డి కోసమే.

టర్ఫ్ అనగానే పాత కాలపు గట్టి తివాచీ గుర్తుకు రావాల్సిన పని లేదు. ఆర్లింగ్టన్‌లో ఇసుకతో పాటు కొబ్బరి పీచు నింపుతారు. పీచు నీరు పట్టి ఉంచుతుంది, నేల చల్లగా ఉంటుంది, బంతి మట్టి మీద పడ్డట్టే లేస్తుంది. అయితే తడుపుతూ ఉండాలి. ఎండితే దుమ్ము లేస్తుంది, నేల బిగుసుకుంటుంది. టర్ఫ్ గట్టిదనాన్ని జీ-మ్యాక్స్ పరీక్షతో కొలుస్తారు. 200 దాటితే వాడకూడదు, 165 లోపు ఉంచుకోవడం మేలు. మౌండ్ చుట్టూ, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) నిలబడే చోట, అవుట్‌ఫీల్డర్ల అలవాటు స్థానాల్లో విడివిడిగా కొలవాలి. మైదానం మొత్తానికి సగటు తీస్తే గట్టిపడ్డ మచ్చలు దాక్కుంటాయి. డబ్బు తక్కువైతే ముందు చేయదగ్గది బేస్‌ల మధ్య దారి అంతా అసలు మట్టి పరచడం. టొరంటో 2016లో చేసింది అదే. ఆటగాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది, ఖర్చు గ్యాలరీ పనితో పోలిస్తే లెక్కలోకి రాదు.

తెరుచుకునే కప్పు: కొన్నాక మొదలయ్యే ఖర్చు

కదిలే కప్పు అంటే పట్టాల మీద నడిచే రైలు. చక్రాల బోగీలు, మోటార్లు, కేబుళ్లు, పలకల మధ్య రబ్బరు సీళ్లు అన్నీ అరుగుతాయి. మిల్వాకీ మైదానం తెరిచిన అయిదారేళ్లకే కప్పు తిరిగే యంత్రాంగాన్ని మార్చాల్సి వచ్చింది. చేజ్ ఫీల్డ్‌లో జనం లోపలుండగా కప్పు కదపకూడదన్న దశకు వచ్చారు. ఆ నిబంధన వచ్చాక అది స్థిర కప్పుతో సమానం, ఖర్చు మాత్రం కదిలేదానిది. టొరంటోలో 2018 ఏప్రిల్‌లో పక్కనున్న సీఎన్ టవర్ నుంచి జారిన మంచు గడ్డ కప్పుకు చిల్లు పెట్టి ఆట వాయిదా వేయించింది.

కాబట్టి లెక్క సూటిగా వేయాలి. మీ ఊళ్లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కప్పు తెరిచి హాయిగా కూర్చోగల ఆటలు ఎన్ని? 81 సొంత మ్యాచ్‌లలో ఆ సంఖ్యను గత పదేళ్ల వాతావరణ నమోదులతో, రాత్రి ఏడు గంటల వేడి, తేమ, మెరుపుల లెక్కతో కట్టాలి. టొరంటో, మిల్వాకీ లాంటి చోట్ల మే నుంచి తెరిచి ఉంచే రోజులు బోలెడు, కదిలే కప్పు అక్కడ డబ్బుకు తగ్గది. టాంపా బేలో వేసవి సాయంత్రాలంటే ఉరుములు, ఉక్క. సీజన్ మొదట్లో కొన్ని వారాల కోసం యంత్రాన్ని కొని ముప్పై ఏళ్లు మేపడం మా దృష్టిలో దండగ. రేస్ జట్టు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కడతానని చెప్పి 2025 మార్చిలో విరమించుకున్న 130 కోట్ల డాలర్ల స్టేడియానికి కూడా స్థిర కప్పే అనుకున్నారు. లాస్ వేగస్‌లో అథ్లెటిక్స్ జట్టు 33 వేల సీట్లతో కడుతున్నదీ స్థిర కప్పుదే, ఒక పక్క పెద్ద గాజు గోడతో. బయటి వెలుతురు, ఊరి దృశ్యం కావాలంటే కప్పు కదిలించనక్కర్లేదు, గోడను గాజు చేస్తే చాలు. పాత డోమ్‌ల మీద చీకటిగా, గోదాములా ఉందన్న ఫిర్యాదులో ఎక్కువ భాగం గోడలదే.

పాత డోమ్‌లో ఏ పని ముందు

కప్పు పోయింది కదా, ఇక బహిరంగ మైదానంగానే ఆడేస్తే పోలా అని మిల్టన్ తర్వాత చాలామంది అడిగారు. కుదరదు. డోమ్ లోపల వాన పడుతుందని ఎవరూ కట్టరు. ట్రాపికానా మైదానం కింద వాననీరు పోయే ఏర్పాటు లేదు, లోపలి కరెంటు పెట్టెలు, స్పీకర్లు, లిఫ్టులు, వంటగదులు తడి తట్టుకునే రకం కావు. కప్పు పోయిన మర్నాటి నుంచీ ప్రతి వానా లోపలికి దిగి నష్టం పెంచింది. డోమ్‌ను బహిరంగం చెయ్యడమంటే డ్రైనేజీ, కరెంటు, కాంక్రీటు వాటర్‌ప్రూఫింగ్, పిడుగు రక్షణ అన్నీ కొత్తగా వెయ్యడం.

కప్పు గుడ్డ ఆయుర్దాయాన్ని 25-30 ఏళ్లుగా లెక్కేస్తారు. ట్రాపికానాలో చిరిగినది 34 ఏళ్ల నాటి మొదటి గుడ్డే. ఇరవయ్యో ఏడు దాటాక ఏటా చూడాల్సినవి ఇవి: గుడ్డ బిగువును మీటరుతో కొలవడం, అల్యూమినియం బిగింపు పట్టీల కింద రబ్బరు, బోల్టులు, కేబుల్ చివర సాకెట్లలో తుప్పు, నీరు నిలిచే పల్లాలు. చిరుగు మామూలుగా పలక నడిమధ్య మొదలవదు, మూలల్లోనో బిగింపు అంచునో మొదలవుతుంది. బిగువు తగ్గిన గుడ్డ గాలికి కొట్టుకుంటుంది. గాజునార లాగితే గట్టిది, మడత పడితే విరుగుతుంది. కొత్త పలక బిగించేటప్పుడు కూడా మడత పెట్టి తొక్కితే అక్కడే ముప్పై ఏళ్ల తర్వాతి చిరుగు పుడుతుంది. ట్రాపికానా కొత్త కప్పును 24 పలకలుగా 2025లో బిగించారు. మొత్తం మరమ్మతు అంచనా 5 కోట్ల 57 లక్షల డాలర్లు.

కొత్త కప్పు వేసిన వెంటనే తివాచీలు, సీలింగులు వెయ్యాలని తొందరపడతారు. ముందు కాంక్రీటులో తేమ దిగాలి. ఏసీని చల్లదనానికి కాక తేమ లాగడానికి వారాల తరబడి నడపాలి. లేకపోతే మొదటి సీజన్‌లోనే గోడల వెనక బూజు.

బుల్‌పెన్‌లు ట్రాపికానాలో ఫౌల్ లైన్ పక్కన, ఆట జరిగే జాగాలోనే ఉన్నాయి. బంతి కోసం పరిగెత్తే ఫీల్డర్ మౌండ్ తట్టుకుని పడే ప్రమాదం. వాటిని అవుట్‌ఫీల్డ్ గోడ వెనక్కి తీసుకెళ్లడం మధ్యస్థాయి ఖర్చుతో అయ్యే మంచి పని. ఖాళీ అయిన చోట రెండు మూడు వరుసల సీట్లు వస్తాయి. వంతెన రింగులను తీసేయలేం, అవి చట్రంలో భాగంగా దీపాలనూ స్పీకర్లనూ మోస్తున్నాయి. కానీ పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు వేస్తే బరువు తగ్గుతుంది, వేలాడే సామాను పైకి జరపొచ్చు. తెల్ల గుడ్డ కింద తెల్ల బంతి కనపడని సమస్యకు పూర్తి మందు లేదు. లోపలి పొరకు కాస్త రంగు పెడితే బంతి తేలుతుంది, పగటి వెలుతురు తగ్గుతుంది. ఇక్కడ మా ఓటు బంతికే.

ఎక్కువ సీట్లున్న డోమ్‌కు తక్కువ జనం రావడం ఇంకో బాధ. ట్రాపికానాలో 2019లో పై అంతస్తు మూసేసి సామర్థ్యాన్ని 25 వేలకు దించారు. ఇది సిగ్గుపడాల్సిన పని కాదు. ఖాళీ సీట్ల శుభ్రత, కాపలా, ఏసీ అన్నీ డబ్బే.

ఎన్నేళ్లు కావాలి

పదేళ్ల లోపు వాడకమైతే కప్పు, తేమ, నేల, దీపాలు. అంతటితో ఆగాలి. ట్రాపికానాలో రేస్ ఒప్పందం 2028 దాకా, కొత్త యాజమాన్యం టాంపా వైపు స్థలం చూస్తోంది. అలాంటప్పుడు గ్యాలరీ పగలగొట్టడం అర్థం లేనిది. పదిహేను, ఇరవై ఏళ్లు ఉంటామని జట్టు కాగితం మీద సంతకం పెడితే టొరంటో పద్ధతి. రెండు చలికాలాలు, ముందు అవుట్‌ఫీల్డ్, తర్వాత ఇన్‌ఫీల్డ్ గ్యాలరీ. సంతకం లేకుండా మాటమీద నమ్మి మొదలుపెట్టకూడదు. పాతికేళ్లకు పైగా కావాలంటే, చట్రం నలభై ఏళ్లకు దగ్గరైతే కొత్తదే మేలు. వేడి ఊళ్లో గాజు గోడల స్థిర కప్పు, చల్లని ఊళ్లో కదిలే కప్పు, వాన ఎక్కువై చలి తక్కువైన చోట గొడుగు.

కట్టడంతో తీరని లోపం ఒకటుంది, అది స్థలం. ట్రాపికానాకు టాంపా వైపు జనం సాయంత్రం ట్రాఫిక్‌లో బే మీది వంతెన దాటి రావాలి. మ్యాచ్ రోజు సాయంత్రం ఆరింటికి అరగంటలో చేరగల జనాభా ఎంత అన్న లెక్క కప్పు చర్చకంటే ముందు జరగాలి.

బీమా కాగితం కూడా అప్పుడే తెప్పించుకోవాలి. మిల్టన్‌కు కొద్ది నెలల ముందే నగరం ప్రీమియం తగ్గించుకోవడానికి స్టేడియం బీమాను 10 కోట్ల డాలర్ల నుంచి 2 కోట్ల 50 లక్షలకు కుదించుకుంది. అందులో మొదటి 2 కోట్ల 20 లక్షల నష్టం నగరమే భరించాలి. అంటే కప్పు మొత్తం ఎగిరిపోయినా బీమా కంపెనీ నుంచి రాగలిగింది మహా అయితే 30 లక్షలు.